మా మేనత్తకి అంటగట్టిన జబ్బు

కిందటి నెలలో కింది ముందుపన్ను ఒకటి కొంచెం కదులుతున్నట్టు అనిపిస్తే, మా అబ్బాయి నన్ను అనకాపల్లి మెయిన్ రోడ్డు మీద కొత్తగా పెట్టిన పళ్ల ఆసుపత్రికి తీసుకెళ్లాడు. వాడు పరవాడలో మందుల కంపెనీలో పనిచేస్తాడు. ఆ రోజు కంపెనీ బస్సు ఎక్కకుండా నా కోసం సెలవు పెట్టాడు, ఆ మాట ఒప్పుకోవాలి. డాక్టరమ్మ నా మనవరాలంత ఉంటుంది. నోట్లోకి ఒకసారి చూసి, ముందు ఫోటో తీద్దాం మామ్మగారూ అని ఒక చిన్న గదిలోకి తీసుకెళ్లింది. గడ్డం ఒక బల్లచెక్క మీద ఆనించి, ప్లాస్టిక్ ముక్క ఒకటి పళ్ల మధ్య కరిచి పట్టుకోమని, కదలొద్దని చెప్పి తలుపు వేసుకుని వెళ్లిపోయింది. ఆ యంత్రం నా తల చుట్టూ ప్రదక్షిణం చేస్తున్నట్టు మెల్లిగా తిరిగి ఆగిపోయింది. నేను వచ్చి కుర్చీలో కూర్చునేలోపలే ఈ చెవి నుంచి ఆ చెవి దాకా నా దవడ మొత్తం గోడ మీది టీవీలో కనిపించింది.

ముందుపళ్ల వేళ్ల కింద శనగగింజంత తెల్లటి మచ్చ ఒకటుంది. దాని చుట్టూ కాటుకతో గీసినట్టు సన్నటి నల్లగీత. ఇదేంటమ్మా అని గాభరాగా అడిగాను. ఆ అమ్మాయి మాత్రం తొందరపడలేదు. చల్లటి దూది ముక్క తీసుకుని ఒక్కొక్క పంటి మీదా ఆనిస్తూ, జివ్వుమంటే చెయ్యెత్తమంది. ఆనించిన ప్రతి పంటికీ నేను చెయ్యెత్తాను. పళ్లన్నీ బతికే ఉన్నాయి, ఇది చీముగడ్డ కాదు, కొంతమంది ఆడవాళ్లకి దవడ ఎముకలో ఇలా తయారవుతుంది, హాని చెయ్యదు, దీన్ని కెలకకూడదు, ఏడాదికోసారి ఫోటో తీసి చూసుకుంటే చాలు, చిగుళ్లు శుభ్రం చేస్తే ఆ కదలడం కూడా తగ్గుతుంది అని చెప్పింది. అంతా అయ్యాక, మీ ఇంట్లో పెద్దవాళ్లకి ఎవరికైనా దవడ జబ్బులున్నాయా అని అడిగింది. నేను నోరు తెరిచేలోపల మా అబ్బాయి అందుకుని, మా నాయనమ్మ నోటి కేన్సర్‌తోనే పోయిందండి అన్నాడు.

ఒళ్లు మండిపోయింది నాకు. కుర్చీలో లేచి కూర్చుని, ఎవడ్రా చెప్పాడు నీకు అని కేకేశాను. బయట బెంచీ మీద ఉన్నవాళ్లు తొంగిచూశారు, పాపం డాక్టరమ్మ చేతిలోని చిన్న అద్దం కింద పడేసుకుంది. వాడు తెల్లబోయి, నాన్నే కదమ్మా చెప్పేవాడు అన్నాడు. ఎవరు చెప్పారో నాకు తెలియక అడిగానా? తెలిసే అడిగాను. ఇంటికొచ్చాక కూడా ఆ మంట చల్లారలేదు. నా వయసు వాళ్లు చదువుతారు కదా, మీకైనా చెప్పుకుందామని ఇది రాయడం మొదలుపెట్టాను.

మా మేనత్తే మా అత్తగారు. మేనరికం. కె. కోటపాడు అవతల మా పుట్టిల్లు, కశింకోట దగ్గర చెరుకు ఊళ్లో అత్తవారిల్లు. మా ఆయన్ని పుట్టినప్పటినుంచీ బావా అనే పిలిచాను, పెళ్లయ్యాకా అదే పిలుపు. మా నాన్నకి ఈవిడ అప్ప, అంటే అక్క. మామగారు నడివయసులోనే పోతే, కొడుకు ఇంకా చేతికి అందిరాని రోజుల్లో, చెరుకు తోటనీ బెల్లం పొయ్యినీ ఒంటిచేత్తో నడిపిన మనిషి. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు గానీ, మా మేనత్త నోరు మంచిదేమీ కాదు. పనిలోకి ఆలస్యంగా వచ్చినవాడికి తాతముత్తాతల దాకా వడ్డించేది. ఆ తిట్లు తిని నవ్వుతూ పనిలోకి దిగేవాళ్లు తప్ప అలిగి వెళ్లిపోయినవాణ్ణి నేను చూడలేదు. తిట్టిన నోటితోనే మధ్యాహ్నం అన్నం తిన్నావా అని అడిగేది మరి.

ఆ నోట్లో ఎప్పుడూ చుట్ట ఉండేది. అదీ అడ్డపొగ. మావైపు వాళ్లకి చెప్పక్కర్లేదు, తెలియనివాళ్లకి చెబుతున్నాను. చుట్ట వెలిగించి, నిప్పున్న కొస నోటి లోపలికి పెట్టుకుని, పెదాలు మూసుకుని పీల్చడం. మగవాళ్లు అందరిలాగే బయటికి నిప్పు పెట్టుకుని తాగేవారు, అడ్డపొగ ఆడవాళ్ల సొత్తు. ఊడ్పుల్లో రెండు చేతులూ బురదలో ఉంటాయి, గాలికి చుట్ట ఆరిపోతుంది, వానకి తడిసిపోతుంది, నిప్పు నోట్లో ఉంటే ఏ బెంగా లేదు. అలా నోట్లో నిప్పు పెట్టుకునే మాట్లాడేవారు, పాటలు పాడేవారు, పోట్లాడుకునేవారు కూడా. కొత్తకోడల్ని కదా, ఒకనాడు చాటుగా నేనూ పెట్టి చూశాను. నాలుక కాలి, వారం రోజులు మజ్జిగన్నంతో సరిపెట్టుకున్నాను. మా మేనత్త ఆ సంగతి పసిగట్టి, ఊళ్లో కనిపించిన ప్రతి ఆడమనిషికీ చెప్పి నవ్వించింది. ఒక్క సంగతి ఇక్కడే చెప్పేస్తాను, ఆ అలవాటుని నేను వెనకేసుకు రావడం లేదు. ఆ నిప్పు అంగిలిని కాల్చి కాల్చి పుండు చేసి మింగేసిన ఆడవాళ్లు మావైపు చాలామంది ఉన్నారు. ఇప్పుడు కేన్సర్ అంటున్నదాన్నే అప్పట్లో రాచపుండు అనేవారు. అడ్డపొగ తాగే ఆడదానికి నోట్లో ఏం లేచినా అదేనని అందరికీ ముందే తీర్పు అయిపోయి ఉండేది.

ఇక బెల్లం సంగతి. గానుగ ఆడిన చెరుకురసాన్ని పెద్ద పెనంలో పోసి, కింద చెరుకుపిప్పి మంట పెట్టి కాస్తారు. మడ్డి తీస్తారు, కలుపుతూనే ఉంటారు, అదంతా కూలివాళ్లు చెయ్యగలరు. పాకం ఎప్పుడు దించాలన్నది మాత్రం అందరికీ చేతకాదు. కాస్త ముందు దించితే బెల్లం దిమ్మ కట్టదు, నీరుకారుతుంది. కాస్త ఆలస్యమైతే మాడి నల్లబడుతుంది. మామగారు పోయాక మా పొయ్యి దగ్గర పాకం చూసేది మా మేనత్తే. చల్లటి నీళ్ల గిన్నెలో బొట్టు పాకం వేసి, వేళ్లతో ఉండచేసి, చుట్ట ఆర్పి చెవిమీద పెట్టుకుని, ఆ ఉండని దవడపంటి కింద పెట్టి కొరికేది. పంటి కింద అది విరిగిన తీరుని బట్టి దించండొరే అనేది, లేదా ఇంకో పొంగు రానియ్యమనేది. చుట్టుపక్కల పొయ్యిలవాళ్లు కూడా వచ్చి పిలుచుకుపోయేవారు. చీర కుచ్చిళ్లు ఎగదోపి, పొగలో కళ్లు చికిలించుకుని ఆవిడ పెనం పక్కన నిలబడితే, ఆ చుట్టుపక్కల ఎంత మొనగాడైనా నోరు మూసుకుని ఆవిడ మాట కోసం చూడాల్సిందే. ఆవిడ బతుకులో ఆవిడదీ అని చెప్పుకోదగింది అదొక్కటే.

మా అబ్బాయి పుట్టిన ఏడు, ఆవిడ కింది దవడ రెండు పక్కలా కొంచెం లావెక్కినట్టు కనిపించింది. నొప్పి లేదు, చీము లేదు, అన్నం బాగానే తినేది. లోపల వేలుపెట్టి చూసుకుని, ఎముకే ఊరిందే కోడలా అని నవ్వేది. ఊరు నవ్వలేదు. నూతి దగ్గర మొదలైంది గుసగుస, అడ్డపొగ కదా, ఇంకేటుంటాది అని. అంగిట్లో లేవాల్సిన పుండు దవడ ఎముకలో ఎందుకు లేస్తుందని, అది రెండు పక్కలా కవలపిల్లల్లాగా ఒకేలా ఎందుకు ఉంటుందని అడిగేవాడు లేడు.

అనకాపల్లిలో పళ్లు పీకే డాక్టరు ఒకాయన దగ్గరికి మా బావ తీసుకెళ్లాడు, నేనూ చంటిపిల్లాణ్ణి ఎత్తుకుని వెంట వెళ్లాను. ఆ పెద్దమనిషి నోరు తెరిపించి లైటు వేశాడు. అంగిలంతా అడ్డపొగకి తెల్లబారి, అక్కడక్కడ ఎర్రచుక్కలతో ఉంటుంది కదా, అది చూశాడు. అడ్డపొగా అని అడిగాడు. అవునంది. ఆ ఒక్కమాటతో ఆయన పరీక్ష అయిపోయింది. ఆయన పక్కగదిలో చిన్న ఫోటో యంత్రం ఉంది, దానిమీద పూలదుప్పటి ఒకటి కప్పి ఉంది, నా కళ్లతో నేను చూశాను. ఆ దుప్పటి తియ్యడానికి ఆయనకి చేతులు రాలేదు. లోపల ఏముందో తెలియాలంటే పన్ను తియ్యాలన్నాడు. ఏ నొప్పీ లేని పన్నుని, గట్టిగా ఉన్న దవడపన్నుని, పాకం ఉండలు కొరికే ఆ పన్నునే పీకేశాడు. ఎముకలోంచి ఊడిరానంటే కాలు కుర్చీకి తన్నిపెట్టి మరీ పీకాడు. రక్తం తుడుచుకుంటూ మా బావని బయటికి పిలిచి, రాచపుండే, ముదిరింది అని చెప్పాడు.

ఆ గాయం మానలేదు. పన్ను తీసిన గుంటలో తెల్లగా ఎముక కనిపించేది. చీము పట్టింది, వాసన వచ్చింది, జ్వరాలొచ్చాయి. అంతవరకూ ఏ బాధా లేని మనిషికి వాళ్లే బాధ తెచ్చిపెట్టి, చూశారా మేం చెప్పలేదా అని వాళ్లే అన్నారు. బెల్లం కొనే షావుకారు మా బావని కొట్లో కూర్చోబెట్టి, నూకాలమ్మ తల్లికి నైవేద్యం పెట్టే బెల్లం, ఆ జబ్బుమనిషి ఎంగిలి పాకమని నలుగురికీ తెలిస్తే మీ దిమ్మ మా కొట్లో ఎవడూ ముట్టుకోడు అన్నాడట. మా బావ చెడ్డవాడని నేననను. తల్లంటే ఇష్టం లేనివాడూ కాదు. పిరికివాడు. నలుగురి నోటికీ జడిసేవాడు. ఇంటికొచ్చి ఆవిడ కంచం, చెంబు వేరుచేశాడు. మంచం వసారాలోకి మార్చాడు. పాకం చూడ్డానికి కూలిమనిషిని పెట్టాడు. అన్నిటికంటే నా కడుపు మండించింది, చంటిపిల్లాణ్ణి ఆవిడ ఒళ్లో వెయ్యొద్దన్నాడు. అది అంటుకునే జబ్బు కాదు బావా అని నేనంటే, నీకేటి తెలుసు అన్నాడు. ఆవిడ వసారా మీంచి చేతులు చాపేది, పిల్లాడు గడప ఇవతలనుంచి కేరింతలు కొట్టేవాడు. వాడే మొన్న ఆసుపత్రిలో మా నాయనమ్మకి కేన్సర్ అన్నవాడు.

నేను మా నాన్నకి కబురు పంపాను. వచ్చారు. వసారాలో అప్పని చూసి ఆయన ఆవిడ మంచం పక్కనే నేలమీద కూర్చున్నారు. తరవాత తువ్వాలుతో ముఖం తుడుచుకుని, అప్పా, నడు, ఎవుడో సెప్పేడని సచ్చిపోతావేటి అన్నారు. మా బావ రానన్నాడు. తెలిసిన సంగతికి అంత దూరం దేనికన్నాడు. పాసింజరు బండిలో మేం ముగ్గురం, ఒళ్లో పిల్లాడు, విశాఖపట్నం పెద్దాసుపత్రికి వెళ్లాం. బండిలో ఎవరూ పక్కన లేనిచోట పిల్లాణ్ణి ఆవిడ ఒళ్లో వేశాను. ఆవిడ వాడి ముఖం మీదకి తన ఊపిరి తగలకుండా తల పక్కకి తిప్పుకుని కూర్చుంది. అది చూడలేక నేను కిటికీలోంచి బయటికి చూశాను.

ఆసుపత్రిలో పెద్ద డాక్టరుగారు తల నెరిసినవాడు, మితభాషి. ఏం తాగుతావని ఆయనా అడిగారు, కానీ అక్కడితో ఆగలేదు. ముందు ఫోటోలు తియ్యండి అన్నారు. ఇప్పటిలా చుట్టూ తిరిగే యంత్రం కాదు. గోరంత ఫిల్ము నోట్లో పెట్టి, దాన్ని ఆవిడ వేలితోనే నొక్కిపట్టుకోమని ఒక్కొక్కచోట తీశారు. తరవాత చెంపకి పెద్ద పలక ఆనించి, మెడ వంచి, ఈ పక్కొకటి ఆ పక్కొకటి తీశారు. అవి తడి ఆరేదాకా వరండాలో కూర్చున్నాం. మా నాన్న ఏవేవో మొక్కులు మొక్కుకుంటున్నారు, మా మేనత్త మాత్రం, బెల్లం సీజనులో ఇక్కడ కూకోబెట్టేరు నన్ను అని విసుక్కుంటోంది.

డాక్టరుగారు ఆ ఫిల్ములు లైటు పెట్టెకి తగిలించి మమ్మల్ని దగ్గరికి రమ్మన్నారు. చదువుకున్నవాళ్లకి చెప్పినట్టే ఓపిగ్గా చెప్పారు, ఆ మర్యాద నేనింకా మరిచిపోలేదు. ఎముకలో తెల్లగా పత్తి ఉండల్లా ఉన్నాయే, అవి ఎముకలోనే పెరిగిన గట్టి ముద్దలు. ఒక్కొక్కదాని చుట్టూ నల్లటి గీత, వాటికి హద్దు. రెండు పక్కలా ఒకేలా ఉన్నాయి. పళ్ల వేళ్లు చెక్కుచెదరలేదు, ఎముక అంచు ఎక్కడా తెగలేదు. రాచపుండైతే చెదలు తిన్నట్టు ఎముకని తినేస్తుంది, దానికి ఇలా హద్దూ పద్దూ ఉండదు. ఇది ప్రాణం తీసే జబ్బు కాదు, అసలు ముట్టుకోవాల్సిన జబ్బే కాదు అన్నారు. మరి ఈ పన్ను ఎవరు తీశారని అడిగి, మేం చెప్పింది విని, ఫిల్ములో ఆ గుంట మీద వేలు పెట్టి చూపించారు. ఈ ముద్దలకి రక్తం సరిగా అందదు, అక్కడ పన్ను పీకితే గాయం మానదు, చీము పడుతుంది, అందుకే ముందు ఫోటో చూడాలి, ఈ చీమంతా ఆ పీకడం వల్ల వచ్చిందే అన్నారు.

మా మేనత్త లైటు పెట్టె దగ్గరికి వెళ్లి, ఒలే, ఇందులో నా మొకమేదే, పుర్రె కనిపిత్తంది అంది. మా నాన్న నవ్వారు, నవ్వుతూ నవ్వుతూ ఏడ్చారు. ఆవిణ్ణి అక్కడే కొన్నాళ్లు ఉంచి, గాయంలో చచ్చిన ఎముకముక్క తీసేసి, దాన్నీ పరీక్షకి పంపి, అంగిట్లోంచి కూడా చిన్న ముక్క తీసి చూసి, రెండింటిలోనూ చెడ్డది ఏమీ లేదని తేల్చారు. అంగిలి ఇవాళ బాగుంది, చుట్ట మానకపోతే రేపు బాగుండదు అని డాక్టరుగారు గట్టిగా చెప్పారు. ఆవిడ ఆసుపత్రి గేటు దగ్గరే కొంగున ఉన్న చుట్టలు పారేసింది. మళ్లీ ముట్టలేదు. గాయం మానింది. ఈ ముద్దల జోలికి ఎవరినీ పోనియ్యకండి, ఉన్నవాటిని ఉన్నట్టు వదిలెయ్యండి అని చెప్పి పంపించారు.

ఇక్కడ మొదలైంది అసలు దరిద్రం. ఎంత సంతోషంగా ఇంటికొచ్చామో చెప్పలేను. మా బావ ఫిల్ము పుచ్చుకుని వాకిట్లోకి వెళ్లి ఎండకి ఎత్తిపట్టి చూశాడు. చూసి, ఇదిగో తెల్లగా ముద్దలు ముద్దలుగా కనిపిత్తందే, మరిదేటి అన్నాడు. అది ఎముకేనని నేను చెప్పాను, ఆ నల్లగీత చూడమన్నాను, మా నాన్న చెప్పారు. మరి కోసి తీసేరా అన్నాడు. తియ్యలేదు, తియ్యక్కర్లేదు, వదిలెయ్యమన్నారు అన్నాం. అంతే, మా బావ ముఖం మాడిపోయింది. ఒగ్గీమన్నారంటే అర్థం తెలీదేటి మామా మీకు అన్నాడు.

మన పల్లెల్లో ఆసుపత్రివాళ్లు ఏమీ చెయ్యకుండా ఇంటికి పంపేశారంటే ఒకటే అర్థం, మీకూ తెలుసు. చెయ్యి దాటిపోయింది, అడిగింది వండిపెట్టండి అని. చెయ్యడానికి ఏమీ లేనంత మంచిగా ఉంది కాబట్టి పంపేశారన్న సంగతి ఎవడి బుర్రకీ ఎక్కదు. జబ్బంటే కోయాలి, సూది వెయ్యాలి, సీసాలు ఎక్కించాలి, అప్పుడే నయమైనట్టు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు నేనెంత చెప్పినా ఒకటే. ఊరంతా కదిలింది ఆవిణ్ణి కడసారి చూసిపోవడానికి. అరిసెలు తెచ్చినవాళ్లు, కోడికూర తెచ్చినవాళ్లు, కళ్లు ఒత్తుకున్నవాళ్లు. మా మేనత్త అవన్నీ శుభ్రంగా తిని, నాను పోతన్నానంట, ఈల్లందరికీ తెలుసు, నాకొక్కదానికే తెలీదు అనేది. మొదట్లో నవ్వేది. రానురాను నవ్వడం మానేసింది.

మళ్లీ చెరుకు నరికే రోజులొచ్చాయి. ఆవిడ దవడ పూర్తిగా మానింది, ఒంట్లో బలం వచ్చింది. ఒక పొద్దున్న తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుని, నాతో ఏమీ చెప్పకుండా పొయ్యి దగ్గరికి బయల్దేరింది. నేను వెనకాలే వెళ్లాను. పెనంలో పాకం దగ్గరపడుతోంది. ఆవిడ ఎప్పటిలాగే కూలిమనిషిని జరగమని, నీళ్ల గిన్నెలో బొట్టు వేసి, ఉండచేసి, మిగిలిన పక్క పంటి కింద పెట్టి కొరికింది. పాకం ముదురుతోంది, దించండొరే అని కేకేసింది. ఎన్నాళ్లకి విన్నారో ఆ కేక, కూలివాళ్లు హుషారుగా కడ్డీలు పట్టుకుని దించారు. గొప్పగా కుదిరింది పాకం, మొగలిరేకు రంగులో ఉంది. అప్పుడు మా బావ గానుగ దగ్గర్నుంచి పరిగెత్తుకొచ్చాడు. అక్కడ షావుకారు గుమాస్తా కూడా ఉన్నాడు, చూస్తున్నాడు. మా బావ తల్లి ముఖం వంక చూడలేదు. కూలివాళ్లని కేకేసి, పెనం కడ్డీ ఒకటి తనే పట్టుకుని ఎత్తి, ఆ పాకమంతా పిప్పిగుట్ట పక్కన నేలమీద పారబోయించాడు. అప్పుడే దించిన పాకం, బురదలో కుతకుత ఉడుకుతూ పారింది. కూలివాళ్లు తలలు వంచుకున్నారు. గుమాస్తా మాత్రం మంచి పని చేశావన్నట్టు తలాడించాడు.

మా మేనత్త అది గట్టిపడేదాకా అక్కడే నిలబడింది. తిట్ల పుట్ట కదా, ఒక్కటి తిట్టలేదు కొడుకుని. తిడితే బాగుండేది. నా చెయ్యి పట్టుకుని తోట గట్టున నడిచొస్తూ, ఆసుపత్రి బాబు నా నోట్లో ఏటీ నేదని ఫోటో తీసి సెప్పేడు, మరి ఈడి బుర్రలో ఏటుందో ఎవుడు తీత్తాడే ఫోటో అంది. ఆ తరవాత ఆవిడ పొయ్యి దగ్గరికి వెళ్లలేదు. వేరే ఊళ్లవాళ్లు పిలిచినా వెళ్లలేదు. పాకం చూడమ్మా అంటే, నాకు పళ్లు నేవు నాయనా అనేది.

ఊరు అనుకున్నట్టు ఆవిడ పోలేదు, చాలా ఏళ్లు బతికింది. వసారాలోనే వండుకుంది, అదే కంచంలో తింది. ఆ దవడ ముద్దలు ఎలా ఉన్నవి అలాగే ఉన్నాయి, అవి ఆవిణ్ణి ఏమీ చెయ్యలేదు. మధ్యలో మా నాన్న పోయారు. ఒక వానాకాలం విషజ్వరం వచ్చి నాలుగు రోజుల్లో ఆవిడా పోయింది. ఊళ్లో ఇంకా ఇద్దరు ముగ్గురు అదే జ్వరానికి పోయారు ఆ ఏడు. దినం భోజనాల దగ్గర మా బావ పంక్తిలో వడ్డిస్తూ, కళ్లనీళ్లు పెట్టుకుని, మాయమ్మని రాచపుండు ఇన్నేళ్లు పీక్కుతిందండి, ఎంత ఓర్చుకుందో అని అందరికీ చెప్పాడు. నేను నెయ్యిగిన్నె కింద పెట్టి, పంక్తి మధ్యలో నిలబడి, మీ అమ్మకి రాచపుండు లేదు బావా, జ్వరంతో పోయింది, నీకు తెలుసు అన్నాను. అందరూ చేతులు ఆపేశారు. మా బావ నా వంక చూసి, మెల్లిగా, ఇప్పుడెందుకే ఆ గొడవ, పోయింది కదా, ఒగ్గీ అన్నాడు. పంక్తి మళ్లీ తినడం మొదలుపెట్టింది.

ఆ చూపు చూశాక నాకు బోధపడింది. మా బావకి తెలియక కాదు. తల్లికి ఆ జబ్బు లేదని ఒప్పుకుంటే, ఆ కంచం ఎందుకు వేరుచేశాడో, పిల్లాణ్ణి ఎందుకు ఇవ్వలేదో, ఆ పాకం ఎందుకు పారబోశాడో తనకి తను చెప్పుకోవాలి. అంత ధైర్యం ఉన్నవాడైతే పారబోసేవాడే కాదు. అందుకని ఆవిడకి రాచపుండు ఉండి తీరాలి. బతికినన్నాళ్లూ ఆ మాటే అన్నాడు, పిల్లలకీ అదే నేర్పాడు. పోయినవాళ్ల మీద కోపం ఉంచుకోకూడదంటారు పెద్దలు. నేను ఉంచుకున్నాను. ఆయనకి ఏటేటా తద్దినం పెట్టిస్తున్నాను, ఆ కోపం మాత్రం అలాగే ఉంది.

ఇప్పుడు రోజులు మారాయి, కాదనను. పన్ను ముట్టుకునేముందు ఫోటో తియ్యని డాక్టరు అనకాపల్లిలో లేడనుకుంటాను. అడ్డపొగ తాగే ఆడవాళ్లు పోయారు, ఆ అలవాటు వాళ్లతోనే పోయింది, మంచిదే. మా ఊళ్లో బెల్లం పొయ్యిలు చాలావరకు ఆరిపోయాయి, చెరుకు తోటల్లో సగం ఇళ్ల స్థలాలయ్యాయి. ఉన్న ఒకటి రెండు పొయ్యిల దగ్గర కూడా పంటి కింద పెట్టి పాకం చూసేవాళ్లు లేరు. ఆ పెనం దగ్గర తలలు వంచుకున్న కూలివాళ్లలో ఒకరో ఇద్దరో మిగిలారు, వాళ్లకీ చెవులు వినిపించవు. మా అబ్బాయికి మొన్న ఇదంతా చెబితే, అవునా అమ్మా అని ఊరుకుని, కాసేపటికి ఫోన్ చూసుకున్నాడు. వాణ్ణీ అనలేను, వాడికి ఆవిడ ఒళ్లు తెలియదు.

ఇంకెవరు మిగిలారు ఆవిడ తరఫున చెప్పడానికి? నేనొక్కదాన్నే. నేనూ ఎన్నాళ్లో ఉండను. అందుకే ఇక్కడ రాసి పెడుతున్నాను, చదివినవాళ్లెవరైనా గుర్తుపెట్టుకోండి. మా మేనత్తకి కేన్సర్ లేదు.